మొదటి గడి

ఆ ఎండాకాలం మెదకులో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మార్చుకుంటున్నారు. దుకాణాల మీద ఉర్దూ బోర్డులు దిగి తెలుగు బోర్డులు ఎక్కాయి. నిన్నటిదాకా 'ఆదాబ్' అన్న నోళ్ళు 'నమస్తే' అనడం నేర్చుకున్నాయి. రూమీ టోపీ లేకుండా గడప దాటని పెద్దమనుషులు ఉత్త నెత్తితో బజారుకొస్తే, ఎవరో గుర్తుపట్టలేక మేం పిల్లలం ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్ళం. పంతొమ్మిదివందల నలభైతొమ్మిది. పోలీస్ యాక్షన్ అయి ఎనిమిది నెలలు. ఊరంతా మారుతుంటే మారనివాడు మా నాయిన ఒక్కడే.

మా నాయిన పేరు గాబ్రియేలు. తహసీలు కచేరీ గోడ నీడన చిన్న డెస్కు వేసుకుని ఇరవై రెండేళ్ళుగా జనానికి దరఖాస్తులు రాసిపెట్టేవాడు. మౌల్వీ సాబు దగ్గర కూర్చుని నేర్చుకున్న ఉర్దూ. అక్షరం ముత్యం. "మున్షీ గాబ్రియేలు రాసిన కాయితం వాపస్ రాదు" అని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఆ మాట మా ఇంట్లో ఎంతగా నలిగిందంటే, నాయిన కంచంలో కూర వదిలేసి లేస్తే మా అమ్మ దానమ్మ, "నువ్వు రాసిన కాయితం వాపస్ రాదు గని, నేను వండిన కూర మాత్రం రోజు వాపస్ వస్తది" అని సాగదీసేది. అమ్మ మిషను దవాఖానలో ఆయా. పెద్దగుడి అని మేం పిలిచే చర్చి వెనక మిషను కాంపౌండులో, ఒకే వరసలో ఉండే పెంకుటిళ్ళలో మాది చివరిది.

నేను ఎలిశిబా. అప్పటికి పద్నాలుగేళ్ళు. ఒక్కతే బిడ్డను కాబట్టి గారాబం, గారాబం కాబట్టి నోరు. నా నోటికి జడిసి కోళ్ళు కూడా మా వాకిట్లోకి వచ్చేవి కావని అమ్మ చెప్పేది. అది అబద్ధం. మా వాకిట్లో వాటికి తినడానికేమీ ఉండేది కాదు.

రజాకార్ల గడబిడలో మూతపడ్డ మా ఆడపిల్లల బడి క్రిస్మస్ దాటాక తెరిచారు. వెనకబడ్డ పరీక్షలు మే నెల మండుటెండల్లో పెట్టారు. అందులో పాసైన వాళ్ళను ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానమ్మ గారు నిలబెట్టి, తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. హైస్కూలు చదువుకు కొత్త సర్కారు కాగితం. మొత్తం ఇంగ్లీషు. కింద ఒకే వరసలో మూడు గడులు.

"ఇంగ్లీషు, తెలుగు, హిందీ అందరికి ఉంటయి. అవి గాక మీరు ఏం సదువుకుంటరో మీరే తేల్చుకోవాలె. లెక్కలు, సైన్సు, చరిత్ర, సంగీతం, డొమెస్టిక్ సైన్సు ఉన్నయి. ఎక్కువ ఇష్టమైంది మొదటి గడిల రాయాలె. మొదటి గడిల రాసింది పక్కా. మిగతావి జాగ ఉంటెనే" అన్నారు జ్ఞానమ్మ గారు.

మేం ముఖాలు చూసుకున్నాం. ఏం చదవాలో మమ్మల్ని అడిగినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. పెట్టింది తినడమే గాని, ఏం కావాలని అడిగితే ఆకలెక్కడ గుర్తుంటుంది?

నాకు మాత్రం గుర్తుంది. నాకు లెక్కలు కావాలి. అంతకుముందు సెప్టెంబరులో యూనియన్ సైన్యం వస్తోందన్న పుకార్లకు కాంపౌండు జనమంతా మూడు రోజులు పెద్దగుడిలోనే తలదాచుకున్నాం. పెద్దవాళ్ళు ప్రార్థనలు, పిల్లలు ఏడుపులు. అప్పుడు జ్ఞానమ్మ గారు మమ్మల్ని ఒక మూలకు పిలిచి, నేల మీది రంగు పలకలు చూపించి, "ఒక్కొక్కటి లెక్కవెట్టకుండ మొత్తం ఎన్ని ఉన్నయో జెప్పుండ్రి" అన్నారు. నేను ఈ గోడ వెంట ఒక వరస, ఆ గోడ వెంట ఒక వరస లెక్కబెట్టి గుణించాను. స్తంభాల కింద పోయినవి తీసేశాను. జవాబు చెప్పాక చూసుకుంటే పొద్దు గూకింది, భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. గుడి బయట ఏమవుతుందో ఎవరికీ తెలియని రోజున, గుడి లోపల ఒక సంగతి కచ్చితంగా ఎంతో నాకు తెలిసింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది.

కానీ జ్ఞానమ్మ గారు చివర్న ఒక మెలిక పెట్టారు. "లెక్కల క్లాసు పెట్టాల్నంటె, మొదటి గడిల లెక్కలు రాసినోళ్ళు ఆరుగురన్న ఉండాలె. ఆరుగురు లేకుంటె క్లాసు లేదు."

బడి విడిచేసరికి గాజుల దుకాణం మల్లేశం బిడ్డ బాలలక్ష్మి ఐదుగురిని పోగేసింది. ఆరోదాన్ని నేను.

"మా నాయినకు సదువు రాదు. నేను ఏది జెప్తె గదే రాయిస్తడు. నీ సంగతి జెప్పు" అంది బాలలక్ష్మి.

చదువురాని తండ్రి ఉన్నవాళ్ళకు ఎంత సుఖమో అనుకున్నాను.

ఆ వారంలోనే మా ఇంట్లో ఎన్నడూ జరగనిది జరిగింది. నాయిన రాసిన కాగితం వాపసు వచ్చింది.

కౌడిపల్లి నుంచి పెంటమ్మ అనే ఆమె నడిచి వచ్చింది. సంఘంవాళ్ళకు, అంటే కమ్యూనిస్టులకు, అన్నం పెట్టాడని ఆమె కొడుకును పోలీసులు లారీలో ఎక్కించుకుపోయారు. విడిపించమని నాయిన దరఖాస్తు రాసిచ్చాడు. కొత్తగా వచ్చిన అధికారికి ఉర్దూ రాదు. చదవకుండానే వెనక్కి ఇచ్చేశాడు. ఆమె ఆ కాగితాన్ని కొంగులో చుట్టుకుని మా వాకిట్లో కూలబడింది.

"సదవనీకి రాదన్నడు మున్షీ సాబ్. తెలుగుల రాయమన్నడు. నా కొడుకు ఏం గావాలె?"

నాయిన ఆ కాగితం తీసుకుని మడత విప్పి చూశాడు. తప్పేమీ లేదు. అదే ఆయనకు మింగుడుపడలేదు. తప్పుంటే దిద్దుకునేవాడు.

తెలుగు ఆయనకు రాక కాదు. రోజూ పొద్దున బైబిలు చదివేవాడు. కానీ తెలుగులో ఆయన ఎరిగిన పుస్తకం అదొక్కటే. ఆ సాయంత్రం డెస్కు ముందు కూర్చుని పెంటమ్మ దరఖాస్తు తెలుగులో రాసి, గొంతు సవరించుకుని మాకు వినిపించాడు.

"ఓ కలెక్టరు గారా, దీనురాలైన పెంటమ్మ మొర నీ చెవిని బడనిమ్ము. ఆమె గర్భఫలమగు గాలయ్యను చెరలోనుండి విడిపింపుము. నీ కృప తరతరములు నిలుచును గాక."

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. అమ్మ ఆగలేదు. "చివరకు ఆమెన్ రాయకపోతివి" అంది.

"ఎందుకు నవ్వుతున్నరు? తప్పేమన్న ఉన్నదా?" అన్నాడు నాయిన. పెంటమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, "మస్తుగ ఉన్నది సాబ్. దేవునికి రాసినట్టున్నది" అని పట్టుకుపోయింది. ఆ అధికారి దాన్ని కచేరీలో అందరికీ వినిపించి పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వినవాడు విచారణ చెయ్యమని కింద సంతకం కూడా పెట్టాడు. ఎనిమిదో రోజున గాలయ్య ఇల్లు చేరాడు. పెంటమ్మ మాకు బుట్టెడు మామిడికాయలు తెచ్చింది. కాంపౌండులో వారం రోజులు ఏ ఇంట్లో చూసినా మామిడికాయ పప్పే.

అందరం సంబరపడ్డాం గాని నాయిన పడలేదు. కచేరీ గోడ నీడలో ఆయన పక్కనే ఎవరో టైపు మిషను పెట్టుకుని కూర్చున్నారు. జనం అటు తిరుగుతున్నారు. అలాంటి రోజున నేను నా కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. సమయం సందర్భం చూసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు.

"నాయినా, మొదటి గడిల లెక్కలు రాయాలె."

"డొమెస్టిక్ సైన్సు రాద్దాం" అన్నాడు, ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు.

డొమెస్టిక్ సైన్సు అంటే కుట్టుపని, వంట, చంటిపిల్లల పెంపకం. అమ్మ పప్పు గిన్నె కింద పెట్టి, "అన్నం వండుడు నేర్చుకోనీకి బడికి పంపుతరా? ఆ ముచ్చట ఎవరన్న ఇంటె నవ్వుతరు. నేను సచ్చిన్నా? నేను నేర్పనా? దాని గొంతు మంచిగుంటది, సంగీతం రాయి. గుడిల పాడుతది" అంది.

"నువ్వు జర ఊకో దానమ్మా. బిడ్డా, ఇటు సూడు. నా అసొంటి ఉర్దూ ఈ తాలూకాల ఎవనికి రాదు. ఒక్క ఎండాకాలంల చెల్లకుంట అయింది. సర్కారు మారితే అక్షరం మారుతది. సూది మారదు. ఎవడు గద్దె మీద కూసున్నా అంగీలు కుట్టించుకుంటడు. నువ్వు నా తీరుగ కావొద్దు."

నాకు ఏడుపొచ్చింది. మామూలుగా నాకు ఏడుపు వచ్చే లోపల మాట వస్తుంది.

"లెక్కలు గూడ మారయి నాయినా! ఉర్దూల రాసినా, తెలుగుల రాసినా, ఇంగ్లీషుల రాసినా రెండు రెండ్లు నాల్గే. నిజాం ఉన్నప్పుడు నాల్గే, ఇప్పుడు నాల్గే. ఏ సర్కారు వచ్చి దాన్ని అయిదు జేస్తది?"

నాయిన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నన్ను చూశాడు, అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. ఆ పూట కూర వాపసు రాలేదు. అంతకుమించి ఏమీ జరగలేదు.

మర్నాడు ఆదివారం, గుడి నుంచి వచ్చాక డెస్కు ముందు కూర్చుని ఆ కాగితం పరిచాడు. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. "సర్కారు కాయితం మీద పెట్టనీకి నీ చెయ్యి ఇంకా పచ్చిగున్నది" అన్నాడు. కలం పాళీని సిరాలో ముంచి, అంచుకు రెండుసార్లు తట్టి, మొదలుపెట్టాడు.

"మొదటిది డొమెస్టిక్ సైన్సు" అని పైకి అంటూ తెలుగులో అందంగా రాశాడు.

రాసింది కుడివైపు చివరి గడిలో.

ఇరవై రెండేళ్ళు కుడి నుంచి ఎడమకు ఉర్దూ రాసిన చెయ్యి అది. బైబిలు చదివేటప్పుడు ఆయన కళ్ళు మామూలుగానే ఎడమ నుంచి కుడికి పోయేవి. కచేరీ కాగితం ముందుకొస్తే మాత్రం చెయ్యి తనంతట తాను కుడి అంచుకు పోయి మొదలుపెట్టేది. గడుల మీద ఇంగ్లీషులో ఏది మొదటిదో, ఏది రెండోదో, ఏది మూడోదో అచ్చు వేసి ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు.

నోరు తెరిచాను. మూశాను.

"రెండోది సంగీతం. మీ అమ్మ ముచ్చట." అది నడిమి గడిలో రాశాడు. ఆ తర్వాత నా ముఖం చూసి కాస్త మెత్తబడి, "మూడోది, సరే, నీ లెక్కలు. జాగ ఉంటె దొరుకుతయి. మనసు చిన్న జేసుకోకు" అని ఎడమవైపు మొదటి గడిలో 'లెక్కలు' అని రాశాడు. ఊది ఆరబెట్టి నా చేతికిచ్చాడు.

నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. అమ్మ అయితే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసింది. తప్పు నాయినది, నేను చేసింది కాదు. అడిగితే చెప్తాను. అడగలేదు కదా! ఇలా నాకు నేను వంద వకాల్తులు పుచ్చుకుంటూ సోమవారం పొద్దున కాగితం తీసుకెళ్ళి జ్ఞానమ్మ గారికి ఇచ్చేశాను. బాలలక్ష్మి మొదటి గడి చూసి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. నేను ఆమెకు కూడా ఏమీ చెప్పలేదు.

శనివారం తల్లిదండ్రులందరూ బడికి రావాలి. హెడ్‌మిస్ట్రెస్ ముందు ఆ కాగితం మీద దస్తకత్ పెట్టాలి, అంటే సంతకం. ఆ వారమంతా నేను రోజుకు నాలుగుసార్లు చెప్పేద్దామనుకుని, నాలుగుసార్లూ మానుకున్నాను. నాయిన ఉతికిన లాల్చీ వేసుకుని, బయటికి పోయేటప్పుడు వాడే ఫౌంటెన్ కలం జేబుకు తగిలించుకుని బయల్దేరాడు. ఉక్కపోస్తోంది, ఆకాశం నల్లగా ఉంది. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది.

బడి వరండాలో పదిహేనుమంది దాకా పెద్దవాళ్ళు. మా వంతు వచ్చేసరికి జ్ఞానమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"గాబ్రియేలు గారూ, మీ అసొంటోళ్ళు ఊరికి నలుగురుంటె చాలు. మొదటి గడిల లెక్కలు రాసిండ్రు. మీ బిడ్డతోని ఆరుగురయిండ్రు. లెక్కల క్లాసు పెడుతున్న!"

బాలలక్ష్మి తండ్రి మల్లేశం చేతులు జోడించాడు. "మున్షీ సాబ్, మీ పుణ్యమా అని మా పిల్ల గూడ సదువుతది. అది వారం దినాల సంది నా పానం తీస్తున్నది."

అందరూ నాయిన వైపు చూస్తున్నారు. నేను నా కాలి బొటనవేలు వైపు చూస్తున్నాను. నాయిన బల్ల మీది కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. ఆయన వేలు మూడు గడుల మీద కుడి నుంచి ఎడమకు నడిచింది. ఆగింది. మళ్ళీ ఎడమ నుంచి కుడికి నడిచింది.

"మీరు రాసింది గిదే గదా?" అన్నారు జ్ఞానమ్మ గారు.

"గిదే" అన్నాడు నాయిన. కలం తీసి, చూపించిన చోట దస్తకత్ పెట్టాడు.

గెలిచాను. వరండా మెట్లు దిగుతుంటే బాలలక్ష్మి వెనక నుంచి ఈల వేసింది. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. మట్టి వాసన లేచింది. నాయిన చేతిలోని గొడుగు విప్పలేదు. గేటు దగ్గర నిలబడి తన కుడిచేతిని ముందుకు చాపి, అది వేరే ఎవరిదో అయినట్టు చూశాడు.

"ఇరవై రెండేండ్లల ఈ చెయ్యి తప్పు రాయలే, బిడ్డా" అన్నాడు. "కాయితం మీద ఏమున్నదో ఎరుక లేకుండ రాసిన. నా పని అయిపోయిందిగ." చెయ్యి దించి, "పోనీ. దేవుని చిత్తం గిట్లనే ఉన్నదేమో. నువ్వు లెక్కలు సదువాల్నని ఆయననే నా చెయ్యి పట్టి రాయించిండేమో" అన్నాడు.

కోప్పడితే ఊరుకునేదాన్ని. తప్పు చేశానని ఆయనే తలవంచుకుంటే, పైగా నా దొంగతనాన్ని దేవుడి ఖాతాలో వేస్తుంటే, నా వల్ల కాలేదు.

"దేవుని చిత్తం గాదు నాయినా. నేను జూసిన."

"ఏం జూసినవ్?"

"నువ్వు ఆ దిక్కు నుంచి మొదలువెట్టింది జూసిన. అది మూడో గడి అని నాకు ఎరుకనే. చెప్పలే."

"ఎప్పుడు జూసినవ్?"

"రాస్తున్నప్పుడే. నువ్వు రెండో గడికి రాకముందే."

వాన జోరైంది. నాయిన లాల్చీ తడిసి భుజాలకు అతుక్కుంది.

"పద్నాలుగేండ్ల సంది ఆ నోరు ఒక్క దినం మూతవడ్డది లేదు. ఆ ఒక్క దినమేనా మూతవడేది?" అన్నాడు. నవ్వలేదు. వెనక్కి తిరిగి బడి వైపు పెద్ద అంగలు వేసుకుంటూ నడిచాడు.

నేను వెనక ఏడుస్తూ పరిగెత్తాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది గదా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఉండలేకపోయాను గదా అని మళ్ళీ తిట్టుకున్నాను. నీళ్ళు కారుకుంటూ మేమిద్దరం వరండా ఎక్కేసరికి అందరూ మా వైపు తిరిగారు.

"అమ్మగారూ, నాకు ఇంకో కాయితం గావాలె. ఇది తప్పు రాసిన. తప్పు కాయితం మీద నా దస్తకత్ ఉండొద్దు."

జ్ఞానమ్మ గారి ముఖం మారింది. మల్లేశం ముఖం మారింది. బాలలక్ష్మి నన్ను కొరికి మింగేట్టు చూసింది. ఐదుగురి చదువు నా నోట్లోంచి జారి కింద పడ్డట్టయింది నాకు. సొరుగులోంచి కొత్త కాగితం తీసి, జ్ఞానమ్మ గారు బల్ల మీద పెట్టారు.

నాయిన బెంచీ మీద కూర్చుని చేతులు లాల్చీ అంచుకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటే మరింత తడయ్యాయి. మల్లేశం తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. దాంతో తుడుచుకుని, కలం తీసి, నా వైపు చూశాడు.

"ఏ దిక్కు నుంచి మొదలు?"

ఎడమవైపు గడి మీద వేలు పెట్టాను.

"మూడింటి మీద ఏం రాసి ఉన్నదో సదువు. గట్టిగ సదువు."

"ఇది మొదటిది. ఇది రెండోది. ఇది మూడోది."

"పక్కానా?"

"పక్కా నాయినా."

ఆయన చెయ్యి అలవాటుగా కుడి అంచుకు పోయింది. పోయిన చేతిని ఎత్తి, ఎడమవైపు తెచ్చి పెట్టుకున్నాడు. అక్కడ కాసేపు ఆగాడు. వరండా చూరు నుంచి నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి.

రాశాడు. 'లె' రాశాడు. 'క్క' రాశాడు. 'లు' రాశాడు.

నడిమి గడిలో సంగీతం. మా అమ్మ అదృష్టం, ఎటు నుంచి మొదలుపెట్టినా ఆమె పాట నడిమిట్లోనే ఉంది. చివరి గడిలో డొమెస్టిక్ సైన్సు. కింద దస్తకత్, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, ఒక్క ఊపున. పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

జ్ఞానమ్మ గారు కొత్తది చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివారు. "గాబ్రియేలు గారూ, ఇందుల మార్పేమున్నది? ముందటి కాయితం గూడ గిట్లనే ఉండె గదా?"

"లేదమ్మగారూ" అన్నాడు నాయిన, కలానికి టోపీ పెట్టుకుంటూ. "అది నా చెయ్యి రాసింది. ఇది నేను రాసిన."

మల్లేశం తువ్వాలు గాల్లో తిప్పాడు. బాలలక్ష్మి వేసిన కేకకు పక్క గదిలోంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నేను నాయిన తడి లాల్చీలో ముఖం పెట్టి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. సంతోషంతో అంత ఏడుపు వస్తుందని అంతవరకు నేను నమ్మేదాన్ని కాదు.

ఇంటికి పోతుంటే నాయిన గొడుగు విప్పాడు. ఇద్దరం అప్పటికే పూర్తిగా తడిసి ఉన్నాం. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

"నువ్వు జేసింది తప్పే" అన్నాడు కొంతదూరం పోయాక.

"తప్పే నాయినా."

"శిక్ష ఉంటది."

"ఏం శిక్ష?"

"రేపటి సంది నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పాలె. ఇంకోసారి నా బిడ్డ నన్ను మోసం జేయకుండ."

వాకిట్లో అమ్మ చేటతో నెత్తి కప్పుకుని మా కోసం చూస్తోంది. ఇద్దరి అవతారం చూసి, "ఏమైందే? లెక్కలా, కుట్టుపనా?" అని అరిచింది.

"లెక్కలు!" అని నేను గేటు దగ్గరి నుంచే అరిచాను. "నీ సంగీతం గూడ ఉన్నదమ్మా, నడిమిట్ల!"

"మరి మీ నాయిన ముఖం గట్ల ఎలుగుతున్నదేంది?"

"ఆయన గూడ బడిల చేరిండు."

అమ్మ చేట కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. మమ్మల్నిద్దరినీ కింద నుంచి పైదాకా చూసింది. "మంచిగున్నది. ఇంట్ల ఇద్దరు పిల్లలయిండ్రు నాకు. ముందుగాల నెత్తులు తుడుచుకోండ్రి. జొరం వస్తె బడికి ఎవరు వోతరు?"

మర్నాడు సాయంత్రం నాయిన తన డెస్కు తెచ్చి దీపం దగ్గర పెట్టాడు. ఆయన ఈవల, నేను ఆవల. నేను జ్ఞానమ్మ గారిచ్చిన కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీ తెరిచాను. ఆయన తెల్లకాగితం పరిచి, కలం సిరాలో ముంచి, అంచుకు రెండుసార్లు తట్టి, కుడివైపు అంచున ఆనించాడు. నేను దగ్గాను. ఆయన ఉలిక్కిపడి, గబగబా ఎడమవైపుకు జరిపి, ఎవరైనా చూశారేమోనన్నట్టు అమ్మ వైపు చూశాడు. అమ్మ చూడనట్టు బియ్యం ఏరుకుంటోంది.

ఆ ఏడాది మా ఇంటి నుంచి హైస్కూలు చదువు మొదలుపెట్టింది ఇద్దరం.